మధ్యాహ్నపు దాహము, సగపు వెల

ముప్పదియైదు సంవత్సరములు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పాఠశాలలలో తెలుగు బోధించి విశ్రాంతి గైకొనినవాడను. అమరకోశము వల్లెవేయించిన నోటితో నేడు శీతలపానీయముల వెలలను గూర్చి చెప్పబూనుట కొందరికి వింతగా దోచవచ్చును. కాని దాహము పండితునకును పామరునకును ఒక్కటియే. మన పాలమూరు సీమలో ఎండ 43, 44 డిగ్రీలకు బోవు దినములలో, బస్సు కొరకు నిలుచున్నవాని చేతిలోని ఇరువది రూపాయలు ఏ సీసాకు బోవునో, ఆ సీసాలో నేమి యుండునో తెలిసికొనుట పెద్దలకు తగని పని కాదు.

ఈ ప్రసంగమునకు గారణము నా మనుమడు. ఒక వేసవిలో వాడును నేనును హైదరాబాదునుండి గద్వాలకు కారులో వచ్చుచుంటిమి. 44వ జాతీయ రహదారి ప్రక్క నొక పెద్ద భోజనశాల కలదు. దాని ద్వారమున “మధ్యాహ్నము 2 మొదలు 5 వరకు పానీయములు సగము ధర” యని పలక వ్రేలాడుచుండెను. వాడు లోనికి బోయి ఎనుబది రూపాయల పానీయమును నలుబదికి గొనెను. దానితోపాటు తొంబది రూపాయల ఉప్పు చల్లిన ఆలుగడ్డ ముక్కలను గూడ గొనెను. తిరిగివచ్చి, “తాతా, నలుబది రూపాయలు మిగిల్చితిని” అనెను. మనము బయలుదేరునప్పుడు నీ జేబులో నున్న పైకమునకు నిప్పుడున్న పైకమునకు భేద మెంత యని నే నడిగితిని. నూటముప్పది తక్కువ యని లెక్క తేలెను. వాడు మిగిల్చినది నలుబదియా, వెచ్చించినది నూటముప్పదియా యన్న వాదము బీచుపల్లి వంతెన దాటువరకు మా నడుమ సాగెను. వాని మాటయందును కొంత న్యాయము గలదని తరువాత నాకు దోచెను. కాబట్టి ఆ లెక్కను మొదటినుండి విచారింతము.

వర్తకుడు మధ్యాహ్నమున సగము ధర కెందుకు అమ్మును? ఇది మనకు గ్రొత్త సంగతి కాదు. ప్రొద్దున దుకాణము తెరువగానే బోణి బేరమని కొంత తగ్గించి యిచ్చుట మనమెరుగుదుము. సంత విరుగు వేళ కూరగాయలమ్ము అమ్మ, మునుపు ముప్పదికి దిగని బుట్టను ఇరువదికే మన సంచిలో గుమ్మరించుటయు నెరుగుదుము. నా వయస్సువారికి మరియొక జ్ఞాపకము గూడ నుండును. 1990 ప్రాంతమున దూరపు ఊళ్ళకు ఫోనులో మాటలాడవలసినచో, రాత్రి ప్రొద్దుపోయినంతవరకు ఎస్.టి.డి. బూతుకడ బారులు దీరి నిలుచుండెడివారము. ఏలయనగా అప్పుడు పావు ధరయే. పగటివేళ తీగెలు తీరిక లేక యుండెను, రాత్రి ఊరక పడియుండెను. ఊరక పడియున్న దానిని తక్కువ వెలకైన నమ్ముకొనుటయే ఆ యేర్పాటులోని కిటుకు.

భోజనశాల సంగతియు నట్టిదే. ఒంటిగంటకు జనము క్రిక్కిరిసి యుందురు. రెండు దాటగానే బల్లలు ఖాళీ యగును. మరల జనము వచ్చుట చల్లబడిన పిదపనే. ఈ నడిమి మూడు గంటలును స్థలపు అద్దె తగ్గదు. పనివారి జీతము తగ్గదు. చల్లదనపు యంత్రమునకు విద్యుత్తు ఆగదు. అప్పుడు వచ్చిన వాడెవడైనను, వాడిచ్చిన సొమ్ము వస్తువు ఖర్చుకంటె నెక్కువైనచో, ఆ యెక్కువ యంతయు దుకాణదారునకు మిగులే. మరి అన్నమును, రొట్టెను సగము ధరకీయక పానీయమునే యేల యిత్తురు? యంత్రమునుండి గ్లాసులో బట్టు తీపి పానీయమున సాధారణముగా ఒక పాలు పాకము, అయిదు పాళ్ళు వాయువు గలిపిన నీరు. పైన మంచుముక్కలు. అన్ని తినుబండారములలో వస్తువు ఖర్చు మిక్కిలి తక్కువైనది పానీయమే. కాబట్టి దాని వెలను సగము చేసినను వర్తకునకు నష్టము రాదు. పైగా పానీయమునకై వచ్చినవాడు మా మనుమనివలె ఆలుగడ్డ ముక్కలు గూడ గొనును. పలకపై వ్రాసినది పానీయమును గూర్చి. కోరునది ముక్కల యమ్మకమును.

ఈ పద్ధతి అమెరికాలో మిక్కిలి వ్యాపించినది. మా తమ్ముని కుమారుడు టెక్సాసు రాష్ట్రమున డల్లాసు చెంత నుద్యోగము చేయుచున్నాడు. మన జిల్లాలనుండి పోయిన పిల్ల లచ్చట ఎందరో కలరు గదా. నే నచ్చటికి బోయినప్పుడు వాడు నన్ను సోనిక్ అను నొక అంగడికి గొనిపోయెను. అంగడి యనగా లోపలికి బోయి కూర్చుండునది గాదు. కారు నిలిపి, కారులోనే కూర్చుండి, ప్రక్కనున్న పలకలోనికి జెప్పినచో, పనివారు, కొందరు కాళ్ళకు చక్రములు గట్టుకొని, తెచ్చి యిత్తురు. 1953లో ఓక్లహోమా రాష్ట్రపు షానీ యను ఊర ట్రాయ్ స్మిత్ అను నాతడు దీనిని స్థాపించెను. సోనిక్ అను పేరు 1959లో వచ్చినది. మధ్యాహ్నము రెండు మొదలు నాలుగువరకు పానీయములు సగము వెలయన్న ప్రకటనకు ఈ అంగళ్ళు పేరొందినవి. అందు పెద్ద గ్లాసు 44 ఔన్సులది. మన కొలతలో లీటరు మీద మూడు వందల మిల్లీలీటర్లు. ఒక్క మనుష్యుడు ఒక్క కూర్చుండుటలో త్రాగుట కది! మా యూర పెండ్లివారింటి మజ్జిగ గరిటె నాకు జ్ఞప్తికి వచ్చెను. మావాడు మాత్రము తెలివిగా చిన్న గ్లాసొకటి, ఉత్త నీరొకటి కొని, తినుబండారముల జాబితావైపు చూడకయే కారు త్రిప్పెను. మిగిల్చుట యనగా నది.

ఇట్టి బేరములలో గమనింపవలసిన దేమనగా, వర్తకుడు తొందరగలవానికి నొక వెల, తీరిక గలవానికి నొక వెల నిర్ణయించుచున్నాడు. తీరిక మన పెద్దలకు దేవుడిచ్చిన సొత్తు. పట్టణమునకు పనిమీద బోయినప్పుడు, ఎట్లును నొక గ్లాసు చెరకురసమో పండ్లరసమో త్రాగదలచినచో, ఒంటిగంటకు ద్రాగక రెండు దాటువరకు నీడలో వేచియుండి సగము వెలకు ద్రాగుట తప్పు గాదు. కాని ముందుగా ఆ సగము దేనిలో సగమో అడుగవలెను. పలకపై పాత వెల లేక కొత్త వెల మాత్రమే యున్నచో అది తగ్గింపో కాదో ఎవరికి దెలియును? సగము వెల కొన్ని పానీయములకే పరిమితమై, మనకు వలసినది పూర్తి వెలకు రావచ్చును. ఒకటి కొనిన మరియొకటి ఉచితమన్నచో, ఇద్దరు త్రాగువారున్నప్పుడే అది సగము. ఒక్కడు రెండు త్రాగినచో అది కడుపునకు భారము. గడియారము సంగతి గూడ చెప్పవలెను. అయిదు గంటలకు ముగియు బేరమునకు నాలుగు ఏబదియైదుకు వరుసలో నిలిచి, లెక్క వ్రాయువేళ కయిదు దాటినచో యంత్రము పూర్తి వెలయే వేయును. అప్పుడు కుర్రవానితో జగడమాడి ప్రయోజనము లేదు.

మంచుముక్కల సంగతి వేరు. గ్లాసునిండ మంచు నింపి పైన పానీయము పోసినచో, చూపునకు నిండు, లోన కొరత. మంచు తగ్గించి పోయుమని యడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. నేనడుగుదును. బండిమీద చెరకురసము దగ్గర మరియు ముఖ్యముగా నడుగుదును. ఏలయనగా ఆ మంచు ఏ నీటితో జేసినదో మనకు దెలియదు.

ఇక సీసాల సంగతి. మూతవేసి యమ్ము సీసాపై గరిష్ఠ చిల్లర ధర ముద్రించియుండును. అన్ని పన్నులును అందే చేరియుండును. దానికంటె నొక్క రూపాయి యెక్కువ తీసికొనుటకు దుకాణదారునకు హక్కు లేదు. నాకు జరిగిన దొకటి చెప్పెదను. ఒక బస్సు నిలుచుచోట ఇరువది రూపాయల నీళ్ళసీసా గొనితిని. దుకాణదారుడు ఇరువదిరెండు కోరెను. ఏమని యడిగితే, “చల్లగున్నదానికి రెండు రూపాయలెక్కువ, సారూ” అనెను. చల్లదనమునకు వేరుగా వెల గట్టుట చట్టసమ్మతము గాదని నాకు దెలియును. కాని బస్సు కదలుచుండెను, గొంతు ఎండియుండెను. దాహము తర్కమును వినదు. ఇచ్చి యెక్కితిని. ఆ రెండు రూపాయలు నేటికిని నాకు జ్ఞప్తి యున్నవి. మీకట్లు జరిగినచో రసీదడుగుడు. పెక్కుమారులు రసీదన్న మాటకే ఆ రెండు రూపాయలు దిగివచ్చును. రానిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును, తూనికలు కొలతల శాఖవారికి వ్రాయవచ్చును.

ఇచ్చట నొక మెలిక యున్నది. కుర్చీ వేసి, పంకా త్రిప్పి, గ్లాసులో బోసి యిచ్చు హోటలువారు అచ్చువేసిన వెలకంటె నెక్కువ కోరవచ్చునని 2017 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పుచెప్పినది. వారమ్మునది నీరు మాత్రమే గాదు, కూర్చుండు చోటు, సేవ గూడ నని దాని భావము. కాబట్టి హోటలులో గూర్చుండి సీసా తెప్పించుకొనుటకు ముందే వెల యడుగుట మేలు. లేదా “మామూలు నీళ్ళు తెండి” యనుట అంతకంటె మేలు. బిల్లులో సేవారుసుమని వేరుగా వేసినచో, అది మన ఇష్టమే గాని బలవంతము గాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిర్దేశించినది. 2025 మార్చిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది.

వాయువు గలిపిన తీపి పానీయముపై వస్తు సేవల పన్ను 2025 సెప్టెంబరు 22 మొదలు నూటికి 40. అంతకు ముందును పన్ను, అదనపు సుంకము గలిసి అంతే. ఇరువది రూపాయల సీసాలో సుమారు 5 రూపాయల 70 పైసలు పన్నే యన్నమాట. తక్కినదానిలో సీసా, బండి కూలి, ప్రకటనలు, అమ్మువాని లాభము పోగా చక్కెరనీటికి మిగులున దెంతయో మీరే యూహింపుడు. ఒక చిన్న లెక్క గూడ నేర్చుకొనదగినది: వెలను కొలతతో భాగించుట. 250 మిల్లీలీటర్ల సీసా ఇరువది రూపాయలైనచో నూరు మిల్లీలీటర్లకు ఎనిమిది రూపాయలు. రెండు లీటర్లది తొంబది యనుకొందము, నూరింటికి నాలుగున్నర. ఇంట పదిమంది చుట్టములున్నచో పెద్దదే లాభము. ఒక్కడే యున్నచో మరునాటికి వాయువు పోయి పారబోయునదియే. ఇప్పుడు పొట్లములపై ప్రమాణమునకు వెల ఎంతయో గూడ ముద్రింపవలెనను నిబంధన కలదు. అక్షరములు చిన్నవి, కండ్లద్దములు మరువకుడు.

డబ్బు లెక్క యిట్లుండగా, ఒంటి లెక్క మరియొకటి. సాధారణమైన తీపి పానీయమున నూరు మిల్లీలీటర్లకు పది గ్రాములు దాటి చక్కెర యుండును. అనగా 250 మిల్లీలీటర్ల సీసాలో ఇరువదియారు గ్రాముల వరకు. కలిపిన చక్కెర దినమునకు ఇరువదియైదు గ్రాములకు మించకున్నచో మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో జెప్పినది. ఒక్క సీసాతో నాటి పాలు తీరిపోయినది! మధుమేహముగల పెద్దలకు సగము వెలకు దొరకినను అది లాభము గాదు. 

మరియొక మోసమును గూర్చి తప్పక చెప్పవలెను. విరేచనములైనను, ఎండదెబ్బ తగిలినను ఓ.ఆర్.ఎస్. అను ఉప్పు చక్కెరల ద్రావణము త్రాగింతురు గదా. దాని కొలత ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, మరి రెండు లవణములు. అదే పేరు పెట్టెపై పెద్దగా వేసి, లోన చక్కెర నెక్కువగా, ఉప్పులను తక్కువగా బోసి, మందుల దుకాణములలో నమ్మిన పండ్లరసములుండెను. హైదరాబాదునకు జెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్‌గారు దీనిపై ఎనిమిది సంవత్సరములు పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో ఆహారభద్రత ప్రమాణాల సంస్థవారు, ఆ కొలతకు సరిపోని పానీయములపై ఆ పేరు వాడరాదని ఆజ్ఞ యిచ్చిరి. మనకు గావలసినది చిన్న పొడిపొట్లము. ఆశా కార్యకర్తలకడ, ఆరోగ్య ఉపకేంద్రములలో ఉచితముగా లభించును. పొట్లమంతయు ఒక్క లీటరు కాచి చల్లార్చిన నీటిలో గలిపి, ఆ దినముననే ముగింపవలెను. సగము పొట్లము, గ్లాసెడు నీరు అని ఉజ్జాయింపు పనికిరాదు.

ఇంటి పానీయములకు వత్తము. అరలీటరు పెరుగు నలుబది రూపాయలనుకొని, లీటరున్నర నీరు చేర్చి చిలికినచో రెండు లీటర్ల మజ్జిగ, ఎనిమిది గ్లాసులు. గ్లాసుకు అయిదు రూపాయలు. పాడి గలవారికి అదియును లేదు. జొన్న కిలో నలుబది యైనచో, ఏబది గ్రాముల పిండితో చెంబెడు అంబలి. రెండు రూపాయల ఖర్చు, కడుపునకు నిండు. మా చిన్ననాట గటకయు అంబలియు పేదల తిండి యని చూచెడివారు. ఇప్పుడు పట్టణములలో అదే రాగి అంబలిని మట్టిముంతలో బోసి ముప్పది రూపాయల కమ్ముచున్నారు. వారిని తప్పుపట్టను, పిల్లలు త్రాగుచున్నారు గదా. నిమ్మకాయ మాత్రము వేసవిలో పిరమగును. అప్పుడు కొల్లాపురపు మామిడి తోటలలో గాలికి రాలిన పచ్చికాయ లుడికించి, గుజ్జు దీసి, బెల్లము, ఉప్పు, జీలకర్ర చేర్చినచో నిమ్మరసమును మరచిపోవుదురు. నల్లమల వేళ్ళతో జేయు సుగంధిపాల పాకము గూడ మన సీమవారికి దెలిసినదే. రక్తపుపోటు గలవారు మజ్జిగలో ఉప్పు తగ్గించుకొనవలెను. మూత్రపిండముల జబ్బు గలవారు తమ వైద్యుడు చెప్పిన కొలతనే త్రాగవలెను.

ఇంతవరకు మిగుల్చుటను గూర్చి చెప్పితిని. మిగుల్చరాని చోటొకటి గలదు. మా పెద్దన్నగారు నిక్కమైన పొదుపరి. నీళ్ళను వెలకు గొనుట ఆయనకు జీవితములో నొప్పని సంగతి. “నీళ్ళకు పైసలా?” అని నవ్వెడివారు. ఒక వైశాఖమున నాగర్‌కర్నూలునుండి కొల్లాపురమునకు బోవుచు, దారిలో నొక కూడలికడ దిగి బస్సు మారవలసివచ్చెను. బస్సు రెండు గంటలు రాలేదు. ఎదురుగా దుకాణమున నీళ్ళసీసా లుండెను. ఆయన జేబులో ఏడువందల రూపాయలుండెను. అచ్చటి చలివేంద్రమున కుండలు ఒంటిగంటకే ఖాళీ యైనవట. ఆయన కొనలేదు. బస్సు వచ్చునప్పటికి మాట తడబడి, చెమట యారిపోయి, ఒరిగిపోయిరి. ఎవరో పుణ్యాత్ములు నీడకు జేర్చి, కండువా తడిపి ఒళ్ళంత తుడిచి, ఆటోలో ఆసుపత్రికి జేర్చిరి. పదునొకండు దినములు మంచమున నుండి బ్రతికిరి గాని, ఆ తరువాత ఆయన నడక మునుపటివలె లేదు.

తరువాత వైద్యుడు చెప్పిన మాట మా కెవ్వరికిని దెలియనిది. వయస్సు మీరినకొలది దాహము తెలియుట తగ్గునట. ఒంటిలో నీరు తగ్గినను నోరు హెచ్చరింపదు. కాబట్టి పెద్దలు దాహము కొరకు వేచియుండక, గడియారము చూచి త్రాగవలెను. ఒళ్ళు కాలుచు, మాట తడబడి, తెలివి తప్పినవాని నోట నీరు బోయరాదనియు, నీడకు జేర్చి, తడిగుడ్డతో చల్లబరచి, 108కి ఫోను చేయవలెననియు ఆయనే చెప్పెను. 

చలివేంద్రమను నదే సంస్కృతమున ప్రప. మన పెద్దలు దానిని చెరువు, బావి, సత్రముతోపాటు పూర్తధర్మములలో నెంచిరి. మనయొద్ద సాధారణముగా దానిని ప్రొద్దున ప్రారంభించి, మొదటి దినమున ఛాయాచిత్రము దీయించి, మధ్యాహ్నపు వేళకు కుండలు బోర్లించుచున్నారు. ఎండ మండునదేమో ఆ వేళనే. మా అన్నగారి సంగతి జరిగిన మరుసటి వేసవిలో, మా వీధివారము కొందరము చేరి, రోడ్డు ప్రక్క వేపచెట్టు క్రింద నాలుగు రంజనులు పెట్టితిమి. నియమ మొక్కటియే: పండ్రెండు మొదలు నాలుగువరకు అవి ఖాళీ కారాదు. రెండు గంటలకు మజ్జిగ బిందె వచ్చును. మా మనుమడు సెలవులకు వచ్చినప్పుడు, అట్టముక్కపై “2 మొదలు 4 వరకు పానీయములు పూర్తిగా ఉచితము” అని వ్రాసి చెట్టుకు గట్టినాడు. ఇతర దినములలో నాలుగు రంజనులు చాలుచున్నవి. సంతనాడు మాత్రము మూడు కాకుండగనే రెండు ఎండిపోవుచున్నవి. అయిదవ రంజను కొన్నాము గాని, ఆ యొక్క దినమున మధ్యాహ్నము నీరు మోయుట కింకొక మనిషి కావలెను. వెదకుచున్నాము.